రన్‌వే ఒక్కటే ఉంటే సరిపోదు: రైన్-మైన్ ఎయిర్‌బేస్‌పై అపోహలు, వాస్తవాలు

వాయుసేనలో నా పని సరుకు విమానాల దగ్గర. ఎక్కించడం, కట్టడం, బరువు సరిచూడటం, దించడం. విమానం నడిపినవాణ్ణి కాదు, అది ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే రిటైరై బెజవాడ వచ్చాక కొత్తగా ఎవరు పరిచయమైనా మొదటి ప్రశ్న "పైలెట్టా అండీ?" అనే. రెండో ప్రశ్న గన్నవరం గురించి. ఈమధ్య మూడోది కూడా తోడైంది: "బాబాయ్, కొరిశపాడు దగ్గర హైవే మీద విమానాలు దింపారంట, అక్కడ రహస్యంగా ఎయిర్‌బేస్ కడుతున్నారంట కదా?"

వీటన్నిటికీ విడివిడిగా జవాబు చెప్పేకంటే ఒక సైనిక రవాణా విమానాశ్రయం పుట్టుక నుంచి మూతపడేదాకా ఏం జరిగిందో చూస్తే సగం అనుమానాలు అవే పోతాయి. నేను ఎంచుకున్నది జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనున్న రైన్-మైన్. 1936లో మొదలైంది, 2005లో అమెరికా వాయుసేన తాళాలు అప్పగించి వెళ్లిపోయింది.

అపోహ: సైనిక విమానాశ్రయం అంటే సైన్యం యుద్ధం కోసం కట్టుకున్నదే.

రైన్-మైన్‌ను కట్టింది ప్రయాణికుల కోసం. 1936 జూలై 8న తెరిచారు. ఉత్తరం వైపు మామూలు విమానాలు, దక్షిణం వైపు జెప్పెలిన్లు, అంటే గ్యాస్ నింపిన ఆ భారీ గాలి ఓడలు. వాటికోసం పెద్ద పెద్ద షెడ్లు కట్టారు. 1937 మేలో అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో కాలిపోయిన హిండెన్‌బర్గ్ మూడు రోజుల ముందు బయల్దేరింది ఇక్కడి నుంచే. ఆ ప్రమాదంతో జెప్పెలిన్ల వైభవం ముగిసింది, 1940లో షెడ్లు కూల్చేసి, గాలి ఓడల అల్యూమినియం యుద్ధ విమానాలకు వాడుకున్నారు. తర్వాత అమెరికన్లు సరుకు విమానాలు పెట్టుకున్నది సరిగ్గా ఆ దక్షిణం వైపే.

మధ్యలో ఒక ముక్క చాలామంది ఎగరగొట్టేస్తారు. 1944లో ఇక్కడి రన్‌వే పనుల కోసం నాజీల ఆష్‌విట్జ్ మృత్యు శిబిరం నుంచి దాదాపు 1,700 మంది హంగరీ యూదు స్త్రీలను, వాళ్లలో పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలను కూడా, పక్కనే వాల్‌డార్ఫ్ క్యాంపులో పెట్టి వెట్టిచాకిరీ చేయించారు. కొత్త జెట్ విమానాలకు గట్టి కాంక్రీటు కావాలట. ఎయిర్‌ఫీల్డ్ చరిత్ర రాసేటప్పుడు కొలతలు రాసి, ఆ కాంక్రీటు ఎవరి చేత వేయించారో రాయకపోతే అది చరిత్ర కాదు, బ్రోచర్. 1945 మార్చిలో అమెరికా సేనలు వచ్చేసరికి బాంబు దాడులతో అంతా గుంతలమయం. పూడ్చుకుని వాడటం మొదలుపెట్టారు.

అపోహ: పొడవాటి రన్‌వే ఉంటే చాలు, ఎంత సరుకైనా దించొచ్చు.

నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది ఇదే, కాబట్టి దీనిమీద కొంచెం ఎక్కువ చెబుతా.

యుద్ధం తర్వాత పశ్చిమ బెర్లిన్ అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్‌ల చేతిలో ఉండేది, చుట్టూ ఉన్న ప్రాంతమంతా సోవియట్ల చేతిలో. 1948 జూన్‌లో సోవియట్ సేనలు దానికి రోడ్డు, రైలు, పడవ దారులన్నీ మూసేశాయి. మిగిలింది గాలి దారే. ఇరవై లక్షల మందికి పైగా జనం. వాళ్లు బతకాలంటే రోజుకు కనీసం 4,500 టన్నులు కావాలని లెక్క తేలింది. మొదట్లో ఉన్న సీ-47 విమానం మోసేది సుమారు మూడు టన్నులు. అంటే రోజుకు 1,500 ట్రిప్పులు! అందుకే పది టన్నులు మోసే సీ-54లను ప్రపంచం నలుమూలల నుంచీ లాక్కొచ్చి రైన్-మైన్, వీస్‌బాడెన్ లాంటి చోట్ల పెట్టారు. ట్రిప్పులు 450కి దిగాయి. పైగా సీ-47 తోక నేలకు ఆనించి కూర్చుంటుంది, లోపల బస్తా మోసుకుని ఎత్తు ఎక్కాల్సిందే. సీ-54కు ముందు చక్రం ఉంటుంది కాబట్టి లోపలి నేల సమంగా ఉంటుంది. చదివేవాళ్లకు ఇది చిన్న తేడా, మోసేవాళ్లను అడగండి.

విమానాలు వచ్చేశాయి. నిలపడానికి చోటేది? అన్నిటికీ సరిపడా గట్టి నేల లేక, వానకు బురద బురదై, సిబ్బంది ఆ బేస్‌కు 'రైన్-మడ్' అని పేరు పెట్టుకున్నారు. లోడింగ్ చేసింది ఎక్కువగా యుద్ధంలో దేశం కోల్పోయి శరణార్థులుగా మిగిలిన తూర్పు యూరప్ జనం. సరుకు లారీ నేరుగా విమానం తలుపు దగ్గరికి వెళ్లాలి, పది టన్నులు ఎక్కాలి, కట్టాలి, తలుపు మూయాలి. అక్కడ పావుగంట ఆలస్యమైతే వెనక వరసంతా ఆగిపోతుంది. సీజన్లో గుంటూరు మిర్చి యార్డు బయట లారీల వరస చూసినవాళ్లకు ఇది కొత్త కాదు, హైవే ఎన్ని లైన్లున్నా లోపల టిక్కీలు దించే చేతులు ఖాళీ అయ్యేదాకా లారీ కదలదు.

1948 జూలై చివర్లో అమెరికా వాయుసేన జనరల్ టన్నర్ వచ్చి మొత్తం పద్ధతి మార్చాడు. అంతకుముందు మన అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకు పంపే 'హంప్' రవాణా నడిపినవాడే. బెర్లిన్‌లో దిగిన సిబ్బంది విమానం వదిలి వెళ్లడానికి వీల్లేదన్నాడు. టీ, టిఫిన్ బండి విమానం దగ్గరికే వస్తుంది, వాతావరణ వివరాలు జీపులో అక్కడికే వస్తాయి, ఈలోపు సరుకు దిగిపోతుంది, మళ్లీ ఇంజిన్లు స్టార్ట్. ఆగస్టు 13న మబ్బు ఇళ్ల కప్పుల దాకా దిగి, బెర్లిన్‌లోని టెంపెల్‌హోఫ్ విమానాశ్రయంలో ఒక విమానం రన్‌వే దాటిపోయి తగలబడింది, ఇంకో రెండు దెబ్బతిన్నాయి, పైన డజన్లకొద్దీ విమానాలు గింగిరాలు కొడుతున్నాయి, వాటిలో ఒకదాంట్లో టన్నర్ స్వయంగా ఉన్నాడు. అన్నిటినీ వెనక్కి పంపించేశాడు. ఆ రోజు నుంచి ఒకటే రూలు: దిగడానికి ఒక్క ప్రయత్నం, కుదరకపోతే సరుకుతో సహా తిరిగి బేస్‌కే. మూడు నిమిషాలకు ఒక విమానం అనే లయ కుదిరింది ఈ రూలు వల్లే గానీ, పైలెట్ల సాహసం వల్ల కాదు. (పైలెట్ మిత్రులు తిట్టుకున్నా పర్లేదు.)

ఇక కొరిశపాడు. అక్కడ ఎన్‌హెచ్-16 మీద ఉన్నది 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు ఉన్న కాంక్రీటు రోడ్డు. వాయుసేన చెప్పిన కొలతలకు జాతీయ రహదారుల సంస్థ కట్టింది. 2022 డిసెంబరులో ఒకసారి, 2024 మార్చి 18న మళ్లీ ప్రయత్నించి చూశారు. రెండోసారి సుఖోయ్, హాక్ జెట్ విమానాలు నేలకు బాగా దగ్గరగా వచ్చి మళ్లీ పైకి లేచాయి, రవాణా విమానాలు ఏఎన్-32, డార్నియర్ దిగి వెళ్లాయి. టీవీల్లో కూడా వచ్చింది, ఇక రహస్యం ఎక్కడిది? అత్యవసరంలో దిగే చోటు అది, అంతే. ఇంధన ట్యాంకులు, గోడౌన్లు, విమానాలు బారులు తీరే ఏప్రన్, సరుకు తిప్పే బండ్లు, మనుషుల క్వార్టర్లు ఇవేవీ లేకుండా ఎయిర్‌బేస్ అవదు.

ఏఎన్-32కు లారీ పెట్టేటప్పుడు చూస్తే అర్థమవుతుంది. వెనక తలుపు దించుతాం. లారీని రివర్స్‌లో తెస్తారు, డ్రైవరుకు అద్దంలో కనపడేలా ఒక మనిషి నిలబడి చేత్తో సైగ చేస్తుంటాడు, ఎంతవరకు రావాలో అంతవరకు చక్రాల వెనక చెక్క దిమ్మలు ముందే పెట్టి ఉంటాయి. లారీ మూల తోకకు కాస్త రాసుకుందంటే విమానం ఆ రోజుకి ఆగిపోయినట్టే. బరువైనవి రెక్కల దగ్గరికి, తేలికవి తోక వైపు, ప్రతి వరస మీదా వల, వలకు పట్టీ, పట్టీకి కొక్కెం. ఇదంతా అయ్యాకే రన్‌వే గురించి మాట.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు కూడా ఇదే ప్రశ్న విన్నా, పెద్ద విమానాలు తెచ్చి భోజనాలు దించొచ్చుగా అని. విమానం గన్నవరం దాకానే తెస్తుంది. అక్కడి నుంచి నీళ్లలో ఉన్న మేడ దాకా తీసుకెళ్లాల్సింది పడవ, హెలికాప్టర్.

అపోహ: బెర్లిన్‌కు మోసింది అన్నం, మందులు, చాక్లెట్లు.

చాక్లెట్ల కథ నిజమే. రైన్-మైన్ నుంచి ఎగిరిన గెయిల్ హాల్వర్సన్ అనే పైలెట్ చేతిరుమాళ్లతో చిన్న పారాచూట్లు కట్టి పిల్లలకు మిఠాయిలు జారవిడిచేవాడు, ఫోటోలు భలే ఉంటాయి. కానీ మొత్తం బరువులో దాదాపు మూడింట రెండొంతులు బొగ్గు! విమానంలో బొగ్గు! సైనికుల కిట్ సంచుల్లో నింపి, తర్వాత వేరే సంచుల్లో నింపి మోశారు. దాని పొడి నేల సందుల్లోంచి దిగి కంట్రోల్ కేబుళ్లనూ వైర్లనూ తినేసింది, నీళ్లు చల్లినా, ఊడ్చినా, ఏం చేసినా పూర్తిగా పోలేదు. సరుకు విమానాల మీద పనిచేసిన ఎవరికైనా ఈ పొడి బాధ తెలుసు. మొత్తం లెక్క 23 లక్షల టన్నులు, 2,77,000కు పైగా ట్రిప్పులు. 1949 మేలో దిగ్బంధం ఎత్తేసినా నిల్వల కోసం సెప్టెంబరు దాకా నడిపారు.

అపోహ: సరుకు విమానాల బేస్ జోలికి ఎవరూ రారు.

1985 ఆగస్టు 8న రైన్-మైన్ లోపల కారు బాంబు పేలి ఇద్దరు చనిపోయారు. పశ్చిమ జర్మనీలోని రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్ అనే తీవ్రవాద ముఠా పని. బాంబులు వేసే విమానం కంటే ఆ బాంబును చేరవేసే బేస్‌కే శత్రువు ముందు గురిపెడతాడు.

అపోహ: బెర్లిన్ తర్వాత దానికి పనిలేదు, అందుకే మూసేశారు.

ఇందులో రెండు తప్పులున్నాయి. 1981 జనవరిలో ఇరాన్ నుంచి విడుదలైన 52 మంది అమెరికన్ బందీలు అల్జీరియా మీదుగా వచ్చి దిగింది ఇక్కడే. 1992 నుంచి 1996 దాకా యుద్ధంలో చిక్కుకున్న బోస్నియాకు సరుకు పంపిన రవాణాలో ఇదే ముఖ్యమైన బేస్, రోజుల లెక్కన చూస్తే అది బెర్లిన్ కంటే ఎక్కువ కాలం సాగింది.

రెండోది, మూత అసలు కారణం. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక తొంభైల్లో బేస్‌ను కుదించిన మాట నిజం. కానీ తాళం వేయించింది ఉత్తరం వైపున్న పొరుగువాడు, అంటే ఫ్రాంక్‌ఫర్ట్ పౌర విమానాశ్రయం. రన్‌వేలు ఇద్దరివీ ఉమ్మడే. ఏటికేడు ప్రయాణికులు పెరుగుతుంటే కొత్త టర్మినల్‌కు దక్షిణం వైపు తప్ప చోటు లేదు. 1999లో ఒప్పందం కుదిరింది: అమెరికన్లు 2005 చివరికల్లా ఖాళీ చేస్తారు, బదులుగా జర్మనీలోనే ఉన్న రామ్‌స్టైన్, స్పాంగ్‌డాలెమ్ అనే వేరే అమెరికన్ బేసుల్లో వాళ్లకు కావలసిన సదుపాయాలు కట్టడానికి జర్మనీ పక్షాలు డబ్బు పెడతాయి. 2005 అక్టోబరులో వీడ్కోలు సభ, డిసెంబరు ఆఖరుకు అప్పగింత. ఓటమీ కాదు, అలకా కాదు, స్థలం బేరం. మన ఊళ్లో పాత బస్టాండ్లు, మిల్లులు ఖాళీ అయ్యే తీరు తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

అపోహ: మూతపడిందంటే పాడుబడినట్టే.

పని రామ్‌స్టైన్‌కు మారింది. బేస్ ఉన్న చోట ఫ్రాంక్‌ఫర్ట్ టర్మినల్ 3 కట్టారు. ప్రయాణికుల కోసం పుట్టిన చోటు తిరిగి ప్రయాణికులకే వెళ్లింది.

అపోహ: రైన్-మైన్ దగ్గరున్న బెర్లిన్ రవాణా స్మారకం మీద మూడు కొమ్ములు అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్‌లకు గుర్తు.

ఆటోబాన్ (జర్మనీ హైవే) పక్కన వంగిన కాంక్రీటు స్తంభం ఒకటుంది, దగ్గరే ఒక సీ-47, ఒక సీ-54 నిలబెట్టారు. దాని జంట బెర్లిన్‌లో టెంపెల్‌హోఫ్ దగ్గర ఉంది. ఆ మూడు కొమ్ములు దేశాలు కావు, బెర్లిన్‌కు మిగిలిన మూడు గగన మార్గాలు. రైన్-మైన్ విమానాలు దక్షిణ మార్గంలో వెళ్లి మధ్య మార్గంలో తిరిగొచ్చేవి, ఉత్తర మార్గం బ్రిటిష్ ప్రాంతం నుంచి వెళ్లేవాటికి. మధ్య మార్గాన్ని తిరుగు ప్రయాణానికే ఉంచారు కాబట్టి ఎదురెదురుగా విమానాలు వచ్చే ప్రశ్నే ఉండేది కాదు.