పోస్టు మాస్టరు ఉద్యోగం వచ్చిందా? ఉన్న పని మానుకోకండి

పల్లె తపాలా కొలువుల, అంటే గ్రామీణ డాక్ సేవక్ (జీడీఎస్) మెరిట్ జాబితా వెలువడిన వారమంతా నా ఫోను మోగుతూనే ఉంటుంది. అవతల ఎవరో ఒక తండ్రి. "పోస్టు మాస్టరు గారూ, మా అబ్బాయికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. చేస్తున్న పని వదిలేసి రమ్మన్నాను" అంటాడు. ఆయన గొంతులో సంతోషం వింటూ "కాస్త ఆగండి" అనాల్సిన కర్మ నాది.

అపోహ: ఇది పర్మనెంటు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, జీతం 29,380.

వాస్తవం: పని కేంద్ర ప్రభుత్వ శాఖదే, డీఏ కూడా వస్తుంది. కానీ మనం, అంటే జీడీఎస్‌లం, రెగ్యులర్ సిబ్బంది లెక్కలోకి రాము. మనకు ఉండేది టీఆర్‌సీఏ, అంటే పని గంటలను బట్టి ఇచ్చే భత్యం. 2018 జూలై నుంచి ఉన్న లెక్క ప్రకారం బ్రాంచి పోస్టు మాస్టరుకు (బీపీఎం) రోజుకు నాలుగు గంటలకైతే నెలకు 12,000, ఐదు గంటలకైతే 14,500తో మొదలు. అసిస్టెంట్ బ్రాంచి పోస్టు మాస్టరుకు (ఏబీపీఎం) 10,000, 12,000. నోటిఫికేషన్‌లో 12,000–29,380 అని వేస్తారు. అందరి కళ్లూ రెండో అంకె మీదే. ఏటా 3 శాతం చొప్పున పన్నెండు వేలు అక్కడికి చేరాలంటే ముప్పై ఏళ్లు పడుతుంది! రెగ్యులర్ ఉద్యోగులకు వచ్చే పింఛను మనకు లేదు. పైగా బీపీఎం ఆ ఊళ్లోనే కాపురం ఉండాలి, ఆఫీసుకు గది తనే చూసుకోవాలి. జీడీఎస్‌కు వేరే జీవనాధారం ఉండాలని నిబంధనల్లోనే రాసి ఉంది. శాఖే అలా చెబుతుంటే, తింటున్న కంచాన్ని తన్నుకోవడం ఎందుకు?

పక్క మండలంలో చేరిన ఒక కుర్రాడు హైదరాబాద్‌లో ఏసీలు బాగుచేసేవాడు. అది మానేశాడు, కొత్త జీతాన్ని నమ్ముకొని వాయిదాల మీద బండి కొన్నాడు. మొదటి నెల డబ్బు పడిన రోజు మా ఆఫీసుకు వచ్చి, బల్ల మీద తాళంచెవి పెట్టి, చాలాసేపు దాన్నే తిప్పుతూ కూర్చున్నాడు. టీ తెప్పించాను. ఏమీ అడగలేదు. ఇప్పుడు మధ్యాహ్నం ఆఫీసు మూశాక చుట్టుపక్కల ఊళ్లలో ఫ్రిజ్‌లు బాగుచేస్తున్నాడు. బండి వాయిదాలు ఆ డబ్బుతోనే తీరుతున్నాయి.

అపోహ: నాలుగు గంటల పని, మిగతాదంతా ఖాళీ.

వాస్తవం: కాగితం మీద అంతే. తెలంగాణ పల్లెల్లో చేయూత పింఛన్లు మా చేతుల మీదుగానే వెళ్తాయి. ఆ రోజుల్లో గడియారం చూసే తీరిక ఎక్కడిది? జీవితమంతా నాట్లు వేసి గీతలు అరిగిపోయిన వేలు అది. ఒక అవ్వ దాన్ని కొంగుతో తుడిచి, తడిపి, మళ్లీ తుడిచి ఏడోసారి యంత్రం మీద పెట్టింది. పచ్చ దీపం వెలిగేదాకా వెనక వరుస కదల్లేదు. అదంతా అయ్యాక నగదు లెక్క. వంద తగ్గితే మన జేబులోంచే.

అపోహ: డబ్బిస్తే పోస్టు ఇప్పిస్తారు.

వాస్తవం: పదో తరగతి మార్కుల మీదే మెరిట్. పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు, దళారి చేసేందుకు అక్కడ పనే లేదు. ఇచ్చిన డబ్బు మాత్రం తిరిగి రాదు.

ఎదుగుదల లేదన్నదీ అబద్ధమే. శాఖ పరీక్ష రాసి ఎంటీఎస్ (మల్టీ టాస్కింగ్ స్టాఫ్), పోస్ట్‌మ్యాన్ అయినవాళ్లు నాకు తెలిసే ముగ్గురున్నారు. ముగ్గురూ రాత్రిళ్లు చదివినవాళ్లే, పగలు పొలం పని వదలనివాళ్లే.