మెనోపాజ్‌లో మారే శరీరాకృతి: అపోహలు - వాస్తవాలు

అపోహ: నెలసరి ఆగిపోవడం వల్లే లావవుతారు.

వాస్తవం: నడివయసులో పెరిగే బరువుకు ప్రధాన కారణాలు వయసు, తగ్గిన శారీరక శ్రమ. మెనోపాజ్ ముఖ్యంగా మార్చేది కొవ్వు చేరే చోటును. ఈస్ట్రోజెన్ తగినంత ఉన్నప్పుడు తొడలు, పిరుదుల దగ్గర చర్మం కింద చేరే కొవ్వు, ఆ హార్మోను తగ్గేకొద్దీ పొట్ట లోపల, పేగులు, కాలేయం చుట్టూ పేరుకుంటుంది. అదే సమయంలో కండ కూడా కరుగుతుంది కాబట్టి తూకంలో పెద్ద తేడా కనిపించకపోవచ్చు. కిలోలు పెరగకుండానే జాకెట్లు బిగుతయ్యాయని చెప్పేవారి మాట నూటికి నూరుపాళ్లూ నిజం. నడివయసు స్త్రీల ఆరోగ్యంపై 1996లో అమెరికాలో మొదలైన స్వాన్ అధ్యయనంలో, నెలసరి క్రమం తప్పే దశ మొదలవగానే కొవ్వు చేరే వేగం దాదాపు రెట్టింపైందనీ, చివరి నెలసరి తర్వాత రెండేళ్ల వరకూ అలాగే కొనసాగి, ఆపై నిలకడకు వచ్చిందనీ తేలింది.

ఈ వయసులో తూకం యంత్రం కంటే టేపు నమ్మకమైనదని నా అభిప్రాయం. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి వదిలాక, చీర కుచ్చిళ్ల మీద కాకుండా ఒంటి మీదే నడుము చుట్టుకొలత చూసుకోవాలి. భారతీయ స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోవడం మంచిది.

అపోహ: రాత్రి అన్నం మానేస్తే పొట్ట తగ్గుతుంది.

వాస్తవం: అన్నం మాని నాలుగు ఇడ్లీలు తింటే మారేది వంటకం మాత్రమే. పప్పు, గుడ్డు, పెరుగు వంటి మాంసకృత్తులు పెంచి, నడకతో పాటు వారానికి కనీసం రెండు రోజులు బరువులతో వ్యాయామం చేస్తేనే కండ నిలుస్తుంది.

అపోహ: మెనోపాజ్ ఇబ్బందులకు ఇచ్చే హార్మోన్ మాత్రలు లావు చేస్తాయి.

వాస్తవం: పరిశోధనల్లో అలా రుజువు కాలేదు. అయితే అవి బరువు తగ్గించే మందులూ కావు.

అపోహ: గర్భసంచి తీసేస్తే వెంటనే మెనోపాజ్ వచ్చి ఒళ్లు వస్తుంది.

వాస్తవం: ఈ ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి కనుక ఈ సందేహం తరచూ వస్తుంది. గర్భసంచి ఒక్కటే తీస్తే నెలసరి ఆగుతుంది గానీ, అండాశయాలు సాధారణంగా పనిచేస్తూనే ఉంటాయి. రెండు అండాశయాలనూ తొలగిస్తేనే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. వాటిని ఉంచారో లేదో డిశ్చార్జి కాగితాల్లో చూసుకోండి.

అపోహ: ఈ వయసులో పెరిగే పొట్ట అంతా కొవ్వే.

వాస్తవం: కొన్ని వారాలుగా తగ్గని ఉబ్బరం, కొంచెం తినగానే కడుపు నిండినట్లు ఉండడం, మాటిమాటికీ మూత్రం రావడం అండాశయ క్యాన్సర్‌లోనూ కనిపిస్తాయి. అప్పుడు డైటింగ్ మొదలుపెట్టకుండా ముందు డాక్టరును కలిసి స్కానింగ్ చేయించుకోవాలి.