"తల ఎత్తేశావు" అంటే సరిపోదు: స్నూకర్ క్యూయింగ్‌పై అపోహలు - వాస్తవాలు

భీమవరంలో నేను నేర్పే పార్లర్‌లో సాయంత్రం ఆరు దాటితే ఇంజనీరింగ్ కాలేజీల కుర్రాళ్లతో టేబుళ్లన్నీ నిండిపోతాయి. ఒకడు షాట్ మిస్సయ్యాడంటే పక్కవాడు వెంటనే అనే మాట ఒక్కటే: "తల ఎత్తేశావురా." క్లబ్బులో మార్కర్‌గా, అంటే స్కోరు రాసేవాడిగా, చేరిన రోజు నుంచీ ఆ మాట వింటూనే ఉన్నాను. మాటలో తప్పు లేదు గానీ, అది విని ఆట బాగుపడినవాణ్ని మాత్రం చూడలేదు. జ్వరంతో ఉన్నవాడికి ఒళ్లు కాలుతోందని చెప్పినట్టే అది. ఎందుకు కదిలాడో వెతకాలి.

అపోహ: కొట్టాక తల ఎత్తడం వల్లే బాల్ పాకెట్ తప్పుతుంది

క్యూ అంటే మనం ఆడే కర్ర, టిప్ అంటే దాని కొస, వైట్ అంటే ఆ కొసతో కొట్టే తెల్ల బాల్. టిప్ వైట్‌ని తాకి ఉండేది సెకనులో దాదాపు వెయ్యో వంతు. అది దాటాక మీరు లేచి నిలబడినా బాల్ దారి మారదు. అయినా మిస్సవుతున్నామంటే, కొట్టాక కదిలామని మనం అనుకుంటున్నది నిజానికి కొట్టకముందే, చేయి వెనక నుంచి ముందుకు బయలుదేరినప్పుడే మొదలైందన్నమాట.

పోయినేడాది ఒక అబ్బాయి "ఆయ్, కదల్లేదండి మాస్టారూ" అని గట్టిగా వాదించాడు. వాడి ఫోనే టేబుల్ అవతలి చివర నిలబెట్టి స్లో మోషన్‌లో తీశాను. టిప్ ఇంకా వైట్‌ని తాకలేదు, కుడి భుజం అప్పటికే బయటికి వెళ్లిపోయింది. వీడియో రెండుసార్లు చూశాక వాడు మాట్లాడలేదు. వాడు అబద్ధం చెప్పలేదు, ఆ కదలిక ఒంటికి తెలియదు, అంతే. ఆ కాస్త కదలికకి ఎంత నష్టమో లెక్క చూడండి. వైట్ ఒక్క డిగ్రీ పక్కకి వెళ్తే రెండు మీటర్ల దూరంలో మూడున్నర సెంటీమీటర్లు తప్పుతుంది. స్నూకర్ బాల్ వెడల్పే 52.5 మిల్లీమీటర్లు. అంటే బాల్‌లో మూడింట రెండు వంతులు!

ఇంతకీ వాడి భుజం ఎందుకు జరిగింది? కారణం కాళ్ల దగ్గర దొరికింది. వాడు ముందు వంగేసి, ఆ తర్వాత క్యూని అటూ ఇటూ జరిపి గురి చూసుకునేవాడు. ఒళ్లు ఒక గీత మీద, క్యూ ఇంకో గీత మీద. చేయి ముందుకు వెళ్లేటప్పుడు భుజం ఆ తేడాని సర్దడానికి ప్రయత్నిస్తుంది. మీరు ఎంత వద్దనుకున్నా సర్దుతుంది.

అందుకే గురి నిలబడే చూసుకోవాలి. వైట్ వెనక నిలబడి, షాట్ వెళ్లాల్సిన గీతని కళ్లతో పట్టుకోండి. కుడిచేతి వాటం వాళ్లయితే కుడి పాదాన్ని ఆ గీత మీద పెట్టండి. ఎడమ పాదం కాస్త ముందుకి, పక్కకి. ఆ గీత మీదే నేరుగా కిందికి దిగండి. దిగాక తేడాగా అనిపిస్తే కిందే ఉండి సర్దుకోవద్దు, లేచి మళ్లీ మొదలుపెట్టండి. పిల్లలకి ఇదే కష్టం, వెనక ఫ్రెండ్స్ నిలబడి చూస్తుంటే లేవడానికి మొహమాటం. లేవండి, ఫర్వాలేదు. దిగాక పక్కవాణ్ని ఒక వేలితో మీ భుజాన్ని నెట్టమనండి. ఊగిపోతే పాదాల మధ్య దూరం చాలట్లేదని అర్థం.

అపోహ: కదలకుండా ఉండాలంటే బిగబట్టాలి

నేను చూసిన చెడు షాట్లలో సగం ఈ నమ్మకం వల్లే. కదలకూడదు అనుకోగానే వేళ్లు బిగుస్తాయి, మణికట్టు బిగుస్తుంది, అక్కణ్ణుంచి మోచెయ్యి, భుజం. బిగుసుకున్న చేయి తిన్నగా ఊగలేదు, ఒంటినంతా వెంట లాక్కెళ్తుంది.

చేపల చెరువు గట్టున కొంగని చూడండి. కొంగజపం అని తిట్టుగా వాడతాం గానీ, ఆ నిలబడటంలో మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది. మెడ ఒక్కటే వెళ్తుంది, కాళ్లు కదలవు. ఎంతసేపైనా నిలబడగలిగేంత తేలిగ్గా నిలబడుతుంది. షాట్‌లో మనకి ఆ మెడ లాంటిది మోచేతి కింది భాగం. వెళ్లాల్సింది అదొక్కటే.

పట్టు సంగతికొస్తే, ఆత్రేయపురం పూతరేకుని ఎలా పట్టుకుంటాం? పొర నలగకూడదు, చేతిలోంచి జారకూడదు. క్యూ కూడా అంతే. వెనక్కి లాగేటప్పుడు చివరి వేళ్లు కాస్త తెరుచుకోనివ్వండి, ముందుకు వచ్చేటప్పుడు అవే మూసుకుంటాయి. ముందే నొక్కిపెడితే క్యూ వెనక భాగం పైకి లేస్తుంది, టిప్ కిందికి దిగుతుంది. మీరు మధ్యలో కొట్టాననుకుంటారు, తగిలేది ఇంకెక్కడో. ఒంటికి ఆసరా పట్టు బిగించడంలోంచి రాదు. బల్ల మీద ఆని క్యూని మోసే బ్రిడ్జ్ చెయ్యి, ఛాతీ, గడ్డం, క్యూ పట్టుకున్న చెయ్యి, ఈ నాలుగు చోట్ల నుంచి వస్తుంది. క్యూ ఛాతీని రాసుకుంటూ వెళ్తోందో లేదో గమనించండి చాలు, పక్కకి పోతే అక్కడే తెలిసిపోతుంది.

అపోహ: వానాకాలంలో బల్ల మొద్దుబారుతుంది కాబట్టి గట్టిగా కొట్టాలి

ఇది మన డెల్టా వాళ్ల కష్టం. కాలవలకి నీళ్లొదిలి ఊడ్పులు మొదలయ్యే రోజులకల్లా గాల్లో చెమ్మంతా బల్ల మీద పరిచిన బట్ట పీల్చుకుంటుంది. వేసవిలో ఇట్టే పరుగెత్తిన బాల్ సగం దూరంలో ఆగుతుంది. పెద్ద టోర్నమెంట్లలో బట్ట కింది రాతి పలక, అదే స్లేట్, కింద హీటర్లు పెట్టి బట్టని పొడిగా ఉంచుతారు. మన పార్లర్లలో అది ఎక్కడిది? కాబట్టి జోరు పెంచాల్సిందే, అందులో అబద్ధం లేదు.

ఆ జోరుని ఎక్కడి నుంచి తెస్తున్నారన్నదే గొడవ. మావాళ్లు భుజంలోంచి, నడుములోంచి తెస్తారు, షాట్‌తో పాటు మనిషీ ముందుకు పడతాడు. అలా కాకుండా క్యూని వెనక్కి కొంచెం ఎక్కువ లాగండి. అక్కడ ఒక్క క్షణం ఆగండి. నెమ్మదిగా బయలుదేరి, వైట్‌ని తాకేసరికి వేగం అందుకునేలా తోయండి. వెనక నుంచి విసురుగా లాగి కొట్టేవాడి వేగం వైట్ దాకా వచ్చేసరికే చచ్చిపోతుంది. స్క్రూకీ, అంటే వైట్ ఇంకో బాల్‌ని తాకి వెనక్కి వచ్చే షాట్‌కీ, ఇదే మందు: క్యూని వీలైనంత సమంగా ఉంచి, కింద కొట్టి, టిప్‌ని వైట్ లోంచి ముందుకు పోనివ్వడం.

చెమట చేతులకి పౌడర్ కుమ్మరించే అలవాటు మానండి, బట్ట పాడవుతుంది. క్యూని తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడిస్తే వేళ్ల మధ్య హాయిగా జారుతుంది.

అపోహ: క్యూ కచ్చితంగా గడ్డం నడిమధ్యే ఉండాలి

1927 నుంచి 1946 వరకు 15 సార్లు ప్రపంచ చాంపియన్ అయిన జో డేవిస్ కుడిచేతి ఆటగాడు. కుడి కన్ను చూపు సరిగా లేకపోవడంతో క్యూని ఎడమ కన్ను కింద పెట్టి ఆడాడు. మీ కళ్లకి గీత ఎక్కడ తిన్నగా కనిపిస్తే అక్కడ పెట్టండి, ప్రతి షాట్‌కీ అక్కడే పెట్టండి. నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్లు అంత కిందికి వంగక్కర్లేదు కూడా. నా దగ్గరకొచ్చే ఒక రిటైర్డ్ బాబాయిగారికి గడ్డం క్యూకి జానెడు పైన ఉంటుంది, తల మాత్రం రాయిలా నిలుస్తుంది.

అపోహ: మోచెయ్యి అస్సలు దిగకూడదు

వైట్‌ని తాకేదాకా దిగకూడదు. తాకాక దిగినా నష్టం లేదు, దూరం షాట్లలో దానంతటదే దిగుతుంది. ఆపాలని చూస్తే క్యూ మధ్యలోనే ఆగిపోతుంది.

అపోహ: అలెక్స్ హిగిన్స్ కదిలాడు కదా, మేం కదిలితే ఏం?

కదిలాడు, నిజం. 1972లో, 1982లో ప్రపంచ టైటిల్ గెలిచినవాడు, షాట్‌తో పాటే ఒళ్లు పైకి లేచేది. అలాంటి చేతులు పుట్టుకతో రావాలి. వాటిని చూసి ఆనందించండి, కాపీ కొట్టొద్దు. దయచేసి.

అపోహ: ఎన్నిసార్లు ఫెదర్ చేస్తే అంత గురి

ఫెదర్ అంటే కొట్టే ముందు క్యూని వైట్ దాకా ముందుకీ వెనక్కీ ఆడించడం. మూడో నాలుగో చాలు, రోజూ అన్నే ఉండాలి. ఎక్కువైతే చేయి అలసి సందేహం మొదలవుతుంది. ఆఖరి తోపు ముందు టిప్‌ని వైట్ దగ్గర ఆపి, అనుకున్న చోటే ఉందో లేదో చూడండి. ఆ తర్వాత కళ్లు కొట్టబోయే బాల్ మీదికి వెళ్లాలి, కొట్టే క్షణంలో అక్కడే ఉండాలి. కళ్లు తిరిగితే వాటి వెనకే తల కూడా కదులుతుంది.

ఇంటికెళ్లే ముందు నా దగ్గర అందరూ చేయాల్సిన పని ఒకటుంది. రంగు బాల్స్ పెట్టడానికి బల్ల మీద ఉండే గుర్తులే స్పాట్లు. వైట్‌ని బ్రౌన్ స్పాట్ మీద పెట్టి బ్లూ, పింక్, బ్లాక్ స్పాట్ల మీదుగా తిన్నగా పై కుషన్‌కి, అంటే బల్ల అవతలి అంచుకి, కొట్టాలి. క్యూని ముందుకు చాచి అలాగే ఉంచాలి. వైట్ తిరిగొచ్చి టిప్‌నే తాకాలి. కుషన్ దాకా స్పాట్ల మీదే వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు కుడివైపు పోతే మధ్యకి కుడిగా కొట్టారు, ఎడమకి పోతే ఎడమగా. వెళ్లేటప్పుడే స్పాట్లు తప్పితే మళ్లీ కుడి పాదం దగ్గరికి వెళ్లండి. పదిలో నాలుగు తాకించగలిగిన రోజు నుంచి, ఫోన్ వీడియో చూడమని ఆ అబ్బాయికి నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.