చట్నీ కవరుకు వేసిన ముడి

చిన్నీ, బుజ్జీ,

మొన్న సెలవులైపోయి మీరు బయల్దేరేటప్పుడు చిన్ని ఒక మాట అడిగింది. "తాతయ్యా, చెత్తబుట్టలో చెయ్యి పెట్టి ఆ కవర్ల ముడులెందుకు విప్పుతావు? ఛీ!" అని. బస్సుకు టైమైపోయి అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేశానని మీకు తెలుసు గదా. రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు ఒక ఆవును తోలుకొచ్చారు. మేత ముట్టదు, నెమరు వేయదు. ఎముకలు లెక్కపెట్టొచ్చు, కానీ పొట్ట మాత్రం ఇంత. చూడిదేమోనని మురిసిపోతున్నాడు దాని యజమాని. డాక్టరుగారు ఎడమ డొక్కలో పిడికిలితో నొక్కి చూసి, ఏమీ మాట్లాడకుండా చేతులు కడుక్కున్నారు.

మర్నాడు పొద్దున్నే ఆపరేషన్. ఆవును నిలబెట్టే చేస్తారు. డొక్క దగ్గర మత్తు సూదులిచ్చి, కోసి, లోపలున్న పెద్ద పొట్టను తెరుస్తారు. డాక్టరుగారు భుజం దాకా చెయ్యి దూర్చి తీయడం మొదలుపెట్టారు. నేను బకెట్ పట్టుకున్నాను. అది నిండితే ఇంకోటి తెచ్చాను. కవర్లన్నీ పెనవేసుకుపోయి మోకులా వస్తున్నాయి, మధ్యలో గోనెపట్టా ముక్కలు, ఒక చెప్పు పట్టీ. వాసన సంగతి రాయను, మీరు అన్నం తింటూ చదువుతున్నారేమో. ఆ బకెట్లో ఒకటి మాత్రం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. అరచెయ్యంత కవరు. టిఫిన్ పార్శిల్లో చట్నీ పోసి, మూతి మెలిపెట్టి ముడేసి ఇస్తారే, అదే. ఆ కడుపులో ఎన్నాళ్ళుందో గానీ, ముడి ముడిలాగే ఉంది.

ఆవుకు తెలివి లేక తింటుందనుకోకండి. దానికి పైదవడలో ముందు పళ్ళుండవు. నాలుకతో చుట్టి లాక్కుని ముందు మింగేస్తుంది, తీరిగ్గా పడుకున్నాక నెమరేస్తుంది. మనలాగా ఏరి తినడం దాని వల్ల కాదు. కవర్లో ఇడ్లీ ముక్క వాసన తగులుతుంది, ముడి విప్పడానికి చేతుల్లేవు, కవరుతో సహా లోపలికి పోతుంది. పెద్ద పొట్టలోంచి ముందుకు పోయే దారి చాలా సన్నం, మెత్తగా నలిగిందే పోవాలి. కవరు నలగదు, అరగదు, అక్కడే ఉండిపోతుంది. కడుపు నిండినట్టే ఉంటుంది, ఆవు మాత్రం ఆకలితో చిక్కిపోతుంది.

మన పక్క పుట్టపర్తిలో కరుణ సొసైటీ అని మూగజీవాల కోసం పనిచేసేవాళ్ళున్నారు. ఇలాంటి ఆవులను చూసి చూసి, 2012లో ఈ గోడు సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళారు. ఆ తర్వాత దేశమంతటా రూల్సు గట్టిపడుతూ వచ్చాయి. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, స్పూన్లు, గ్లాసులు, థర్మకోల్ అలంకరణలు, బుజ్జీ చప్పరించే లాలీపాప్‌కుండే ప్లాస్టిక్ పుల్లతో సహా నిషేధం. చేతిసంచీ కవర్లు 120 మైక్రాన్ల కంటే పలచగా ఉండకూడదని ఆ ఏడాది చివర్లో వచ్చింది. మందంగా ఉంటే పదిసార్లు వాడుకుంటాం, పారేసినా చిత్తుకాగితాల వాళ్ళు ఏరుకుంటారు. పలచటిది ఎవరికీ అక్కర్లేదు, గాలికి పోతుంది. రూలు మంచిదే. అయినా మా వీధి చివర బండి దగ్గర ఇవాళ పొద్దున కూడా పలచటి కవర్లోనే చట్నీ కట్టారు.

అందుకే నేను క్యారియర్ పట్టుకెళ్తాను. మొదటిరోజు ఏం జరిగిందో తెలుసా? హోటల్ కుర్రాడు చట్నీని కవర్లో కట్టి, ఆ కవరును నా గిన్నెలో పెట్టి ఇచ్చాడు! నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఇప్పుడు నన్ను చూడగానే గరిట తీస్తాడు, ఒక గరిట ఎక్కువే పోస్తాడు. ఇక సంచులంటారా, నా పాత ప్యాంట్ల కాళ్ళు కత్తిరించి మీ నానమ్మ నాలుగు కుట్టింది. కుట్టడం కాదు, గుర్తుపెట్టుకోవడమే కష్టం. నాలుగుసార్లు మర్చిపోయి, చివరికి ఒకటి స్కూటర్ డిక్కీలో పడేశాను. చెప్పులేసుకునే చోట మేకుకు ఇంకోటి వేలాడుతోంది.

పేపర్ కప్పు మంచిదేగా అని మీ నాన్న వాదిస్తాడు. నీళ్ళలో నానబెట్టి లోపలి వైపు గోకి చూడమనండి, సన్నటి ప్లాస్టిక్ పొర ఊడి వస్తుంది. స్టీలు గ్లాసుకు సాటి లేదని నా మాట. కడుక్కోవాలి, అంతే బాధ.

మీ అపార్ట్‌మెంట్లో తడిచెత్త వేరేగా తీసుకుంటారట గదా. మిగిలిన అన్నం, తొక్కలు కవర్లో మూటకట్టి వేయకండి, విడిగా వేయండి. అన్నిటికన్నా ముందు ఇదొక్కటి చేయండి. ఆవు దగ్గరికి పోయేది ఆ మూటే.

ఆ ఆవు సంగతి చెప్పలేదు కదూ. బతికింది. కుట్లు విప్పేనాటికి పచ్చిగడ్డి మేసింది. రెండు నెలల తర్వాత బస్టాండు దగ్గర చెత్తకుండీలో మూతి పెట్టి కనిపించింది. ఆరోజు నుంచే నాకీ ముడులు విప్పే పిచ్చి.

దసరాకు వచ్చేటప్పుడు ఆ క్యారియర్ మూడో గిన్నె మూత మర్చిపోకుండా తీసుకురండి. మీ అమ్మ పులిహోరతో పాటు పట్టుకెళ్ళింది. అది లేక రోజూ సాంబారు నా చొక్కా మీదే ఒలుకుతోంది.

మీ తాతయ్య