మాటల చుట్టరికం రక్త సంబంధమైన తీరు

1816లో మద్రాసులో అచ్చయిన కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం ఉపోద్ఘాతానికి అక్కడి కలెక్టర్ ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ ఒక వివరణ (నోట్) రాశాడు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతంలోంచి పుట్టినవి కావని ధాతువులను, అంటే మాటల మూలరూపాలను, పక్కపక్కన పెట్టి నిరూపించాడు. ఆ పనికి ఆసరా మన పండితులే. ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పండితుడు పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతువుల పట్టిక, మచిలీపట్నం మామిడి వెంకయ్య నిఘంటువులోని తత్సమ, తద్భవ, దేశ్య విభజన లేకపోతే ఆ వాదన అంత గట్టిగా నిలిచేది కాదు. ఈ ఇద్దరినీ మనవాళ్లే మరిచిపోవడం బాధాకరం.

ఎల్లిస్ చూపింది భాషల చుట్టరికం మాత్రమే. 1856లో తిరునల్వేలి మిషనరీ రాబర్ట్ కాల్డ్వెల్ తులనాత్మక వ్యాకరణంతో 'ద్రావిడ' అన్న పేరు స్థిరపడింది. అదే పుస్తకంలో ద్రావిడుల రూపురేఖల చర్చ కూడా చోటు చేసుకుంది. తర్వాత 1901 జనగణన కమిషనర్ హెర్బర్ట్ రిస్లీ ఆర్య, ద్రావిడ అన్న భాషల పేర్లనే మనుషులకు తగిలించాడు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి, 100తో హెచ్చవేసి, ఆ అంకెను బట్టి కులాల హెచ్చుతగ్గులు తేల్చవచ్చన్నాడు. ఆర్య భాషల మాటను అంతకుముందు ఊరూరా చాటిన భాషాపండితుడు మాక్స్ ముల్లరే, ఆర్య రక్తం, ఆర్య జాతి అనడం పెద్ద పొరపాటని 1888లో హెచ్చరించాడు. ఆ హెచ్చరికను ఎవరూ పట్టించుకోలేదు. బలూచిస్తాన్‌లోని బ్రాహుయీలు మాట్లాడేది ద్రావిడ భాష, రూపంలో మాత్రం పక్కనున్న బలూచీలకు దగ్గర. ఈ ఒక్క ఉదాహరణ చాలు, ఆ లెక్క ఎంత డొల్లో తెలియడానికి.

ఇదే లెక్క అమెరికా కోర్టుకెక్కింది. అప్పటి చట్టం ప్రకారం అక్కడ పౌరసత్వం తెల్లవారికి, ఆఫ్రికా సంతతికే. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ సిక్కు భగత్ సింగ్ థిండ్, తాను ఆర్యుణ్ణి, అంటే తెల్లవారి జాతివాణ్ణే, కనుక తనకూ హక్కుందన్నాడు. 1923లో సుప్రీంకోర్టు కాదంది. లక్షలాది నల్లజాతివారు ఇంగ్లీషు మాట్లాడుతున్నారు, అంతమాత్రాన వాళ్లు తెల్లవారవుతారా అని జస్టిస్ సదర్లాండ్ వాదం. భాష వేరు, జాతి వేరు అన్న నిజాన్ని ఆ కోర్టు సరిగ్గానే గుర్తించింది, కానీ దాన్ని మనుషుల్ని గెంటేయడానికి వాడింది. అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయులు ఎంతోమంది దాన్ని పోగొట్టుకున్నారు. 1946 చట్టంతో భారతీయులకు ఆ హక్కు దక్కింది, కానీ వలసకు ఏడాదికి 100 మందికే అనుమతి. ఆ గేటు 1965లో తెరుచుకున్నాకే తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో అక్కడికి చేరారు.