మానేశాడా, మాన్పించారా?

పిల్లవాడు బడికి పోవడం ఆగిపోయిన ఇంట్లో తల్లి చెప్పే మాట "మానేశాడండీ". సర్వేకు వచ్చినవాళ్లు అడిగేది "ఎందుకు మాన్పించారు?" అని. క్రియ మారేసరికి తప్పు చేతులు మారుతుంది. ఈ రెండు మాటల తగాదాకు నూరేళ్లు దాటాయి.

1911లో జాతీయోద్యమ నాయకుడు గోపాలకృష్ణ గోఖలే ప్రతిపాదించిన ప్రాథమిక విద్య బిల్లులోనే, పిల్లల్ని పంపని తండ్రికి జరిమానా ఉంది. మరుసటి ఏడాది ఆ బిల్లు వీగిపోయింది. తర్వాత రాజ్యాంగం 45వ అధికరణంలో 14 ఏళ్లలోపు అందరికీ పదేళ్లలో చదువు అందించే ప్రయత్నం చేయాలంది. 1960 వచ్చింది, పోయింది. గడువు తప్పింది ప్రభుత్వం, నింద మాత్రం "పేదవాడికి పిల్లవాడి కూలే కావాలి" అంటూ ఇంటి మీదికే వచ్చింది.

1991లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పని మొదలుపెట్టిన ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ, శాంతా సిన్హా నాయకత్వంలో, ఈ వాదనను తలకిందులు చేసింది. పనిలో ఉన్న పిల్లల్ని శిబిరాల్లో ఉంచి, తప్పిన చదువును అందుకునే బ్రిడ్జి కోర్సు చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించింది. కూలి డబ్బు పోయినా సరేననే తల్లిదండ్రులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లు ఆగిపోతున్నది బడి గుమ్మం దగ్గరే: పుట్టిన తేదీ ఏది, టీసీ ఏది, ఇంత పెద్దపిల్లను ఏ తరగతిలో కూర్చోబెట్టాలి?

కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల హైబ్రిడ్ పత్తి విత్తన పొలాలు చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. సాయంత్రం ఒక్కో మొగ్గనూ విప్పి మగభాగం గిల్లేయాలి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఎక్కువగా ఆడపిల్లల్నే పెట్టేవారు, అడ్వాన్సు సీజనుకు ముందే ఇంటికి చేరేది. బడి తెరిచేది జూన్‌లో, క్రాసింగ్ ఊపందుకునేది వానాకాలం నడిమిలో. చలికాలంలో తిరిగొచ్చిన పిల్లకు పాఠం అందదు. నాలుగు వారాలు కూర్చుని తనే ఆగిపోతుంది. ముందు మాన్పించారు, తర్వాత మానేసింది. రిజిస్టర్లో రెండింటికీ గడి ఒకటే.

1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు 14 ఏళ్ల వరకు చదువు ప్రాథమిక హక్కు అంది. 2002లో ఆ హక్కును రాజ్యాంగంలోనే చేర్చిన 86వ సవరణ వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమలైంది. పదో సెక్షన్ పిల్లల్ని చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటుంది గానీ జరిమానా వేయదు. గోఖలే నాటి నుంచి ఇదే అసలు మార్పు.

చట్టంలో తల్లిదండ్రులు గట్టిగా పట్టుకోవాల్సినవి వేరే ఉన్నాయి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదు (5వ సెక్షన్). వయసు రుజువు లేదని పంపేయకూడదు (14). ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడి నుంచి తీసేయకూడదు (16), అంటే "నెలల తరబడి రాలేదు, పేరు కొట్టేశాం" అన్న జవాబు చెల్లదు. నాలుగో సెక్షన్, దాని కింది నిబంధనల ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, మూడు నెలల నుంచి రెండేళ్ల వరకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. తేడా వచ్చేది ఇక్కడే: పన్నెండేళ్ల పిల్లవాణ్ని నేరుగా ఏడులో కూర్చోబెట్టి, శిక్షణ సంగతి వదిలేస్తారు. అక్షరాలు కూడబలుక్కునేవాడు అక్కడ ఎన్నాళ్లుంటాడు?

ఫీజు బాకీ ఉందని ప్రైవేటు బడి టీసీ ఆపితే, సర్కారు బడి చేర్చుకున్నా ఆన్‌లైన్ చిక్కు మిగులుతుంది. యూడైస్‌లో, అంటే బడిపిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో, పాత బడి పిల్లవాడి పేరును వదిలేయాలి, లేదా డ్రాప్‌బాక్స్ (బడి వదిలిన పిల్లల జాబితా)లోకి పంపాలి. ఆ పని జరిగిందో లేదో హెడ్మాస్టరు చేత ఆన్‌లైన్‌లో చూపించుకోవాలి. నోటిమాట చాలదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి తల్లి ఖాతాలో 15,000 రూపాయలు వేసిన పథకం, షరతు 75 శాతం హాజరు. హాజరు నిలబెట్టుకున్న ఇంటికి అది అండగా ఉండేది. నవంబరులో ఇటుక బట్టీలకు వలసపోయి వేసవి చివర ఊరు చేరే ఇంటికి ఆ 75 శాతం ఎక్కడిది?

14 ఏళ్లు దాటితే, తొమ్మిదో తరగతి నుంచి, చట్టం అండ ఉండదు. అప్పుడు తెరిచి ఉన్న దారి ఓపెన్ స్కూల్. 14 నిండితే పదో తరగతికి కట్టొచ్చు, కింది తరగతులు పాసైన కాగితం అడగరు. తరగతులు సెలవు రోజుల్లో. పుట్టిన తేదీ రుజువుకు పాత బడి రికార్డు షీటు పనికొస్తుంది, ఇంట్లో లేకపోతే ముందు దాని కోసం తిరగాలి.