పాలమూరు వలసబాటలో టీబీ మందుల డబ్బా

స్వాతంత్ర్యానికి ముందు, 1946లో దేశ ఆరోగ్య పరిస్థితిని పరిశీలించిన భోర్ కమిటీ వేసిన లెక్క ప్రకారం దేశంలో ఏటా 5 లక్షల మంది టీబీతో చనిపోయేవాళ్లు. ఆ జబ్బుకు ఉన్న పడకలు దాదాపు 6,000. మన వైపు వాళ్లకు వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల మీది శానిటోరియం, అంటే టీబీ ఆసుపత్రే, దిక్కు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి... అప్పటి వైద్యమంటే అదే. రెక్కాడితే గాని డొక్కాడని కూలికి ఆ మూడూ అందేవి కావు.

టీబీ పట్నాల జబ్బన్న నమ్మకాన్ని 1955-58 జాతీయ సర్వే చెరిపేసింది. పల్లెల్లోనూ అంతే ఉందని తేల్చింది. దాదాపు అదే సమయంలో మద్రాసులో జరిగిన పరిశోధన ఇంకో పెద్ద సంగతి చెప్పింది. ఇంట్లోనే ఉండి, అంతంతమాత్రం తిండి తింటూ మాత్రలు వేసుకున్నవాళ్లకు కూడా శానిటోరియంలో ఉన్నవాళ్లలాగే నయమైంది. పేదలకు ఇంతకన్నా మంచి వార్త ఏముంటుంది? కానీ దీంతో తిండి సంగతి కూడా పక్కకు పోయింది. అది తప్పేనని నా అభిప్రాయం.

1962లో జాతీయ టీబీ కార్యక్రమం మొదలైంది. జిల్లాకో టీబీ కేంద్రం, దాని కింద ఊళ్లలోని ఆరోగ్య కేంద్రాలు. అంతా జిల్లా లెక్కన నడిచే ఏర్పాటు. పాలమూరుకు, అంటే మహబూబ్‌నగర్ వైపుకు, చిక్కు ఇక్కడే వచ్చింది. నారాయణపేట, కొడంగల్, మక్తల్ వైపు నుంచి, కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని ముంబై, పుణె వెళ్లే మనిషి ఏడాదిలో సగం రోజులు ఊళ్లోనే ఉండడు. అప్పటి కోర్సేమో ఏడాది నుంచి ఏడాదిన్నర. ఎలా చూసినా మధ్యలో ఒక వలస వచ్చి పడేది. దగ్గు కాస్త తగ్గగానే మందు మానేసేవాళ్లను నిర్లక్ష్యమని తిట్టడం తేలిక. పని చేసే చోట ఆ మందు ఎవరిస్తారని మాత్రం ఎవరూ అడగలేదు.

1993లో ప్రపంచ ఆరోగ్య సంస్థ టీబీని అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. మన దేశం డాట్స్ పద్ధతిని, అంటే ఎదురుగా ఉండి మందు మింగించే పద్ధతిని, ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 1997 నుంచి విస్తరించి, 2006 నాటికి అన్ని జిల్లాలకూ తీసుకెళ్లింది. కోర్సు ఆరు నెలలకు తగ్గింది. ఒక్కో రోగి పేరు మీద మొత్తం కోర్సు ఒకే డబ్బాలో వచ్చేది. కొత్త రోగికి ఎర్ర డబ్బా, మళ్లీ తిరగబెట్టినవాళ్లకు నీలం డబ్బా. వారానికి మూడుసార్లు ఆశా వర్కరో, అంగన్‌వాడీ టీచరో ఎదురుగా ఉండి మాత్రలు మింగించాల్సి ఉండేది. దీనివల్ల ఎంతోమంది బతికారు, కాదనలేం. అయితే డబ్బా ఊళ్లో, మనిషి పుణె సైట్ మీద ఉంటే ఏం లాభం? మధ్యలో మానేస్తే క్రిమి మందులకు లొంగకుండా పోవచ్చు. అప్పుడు ఆరు నెలల జబ్బు ఏళ్ల తరబడి పీడిస్తుంది.

రాళ్ల క్రషర్లలో పనిచేసేవాళ్లది ఇంకో కష్టం. రాతిపొడితో దెబ్బతిన్న ఊపిరితిత్తులకు టీబీ తొందరగా అంటుకుంటుంది. ఎక్స్‌రేలో ఒకదాన్ని చూసి ఇంకొకటనుకునే ప్రమాదమూ ఉంది.

2012లో టీబీ రోగుల వివరాలు ఎక్కించే నిక్షయ్ ఆన్‌లైన్ నమోదు వచ్చింది. 2017 నుంచి రోజూ వేసుకునే మాత్రలు ఇస్తున్నారు. ఇప్పుడు రోగి వివరాలు వేరే రాష్ట్రానికి బదిలీ చేయొచ్చు. 2018లో తిండి కోసం నెలకు 500 రూపాయలు మొదలుపెట్టి, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. రోగి ఇంట్లోవాళ్లకు కూడా తిండి సరుకులిస్తే వాళ్లలో కొత్తగా టీబీ వచ్చేవాళ్లు బాగా తగ్గుతారని జార్ఖండ్‌లో జరిగిన అధ్యయనం 2023లో తేల్చింది. మద్రాసు ఫలితాల తర్వాత పక్కకు పోయిన తిండి అరవై ఏళ్లకు మళ్లీ లెక్కలోకి వచ్చింది.

2025 నాటికి టీబీని లేకుండా చేస్తామని పెట్టుకున్న గడువు దాటిపోయింది. మన జిల్లాల్లో చేయాల్సిన పని ఒకటుంది. మేస్త్రీ బండి కదలకముందే ఊళ్లో తెమడ పరీక్షలు చేయాలి. టీబీ ఉన్నవాళ్ల చేతికి నెల మందులు, వెళ్లే చోట టీబీ కేంద్రం ఫోన్ నంబరు ఇచ్చి పంపాలి.